తెడ్డు పిడిలోని ఇసుక

మొన్న ఆదివారం పొద్దున ఖానాపురం హవేలిలో మా గేటు ముందు స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే ఒకావిడ నా చేతిలో పెన్ను పెట్టి, తిప్పితే రీఫిల్లు బయటికి రావడం లేదన్నది. ఆ పెన్ను చూడగానే నా గుండె ఆగిపోయింది. ఆగలేదని మా ఆవిడ అంటుంది గానీ, నా గుండె సంగతి నాకు తెలియదా? నడుమ రాగి తీగ చుట్టిన ఆ పెన్ను పద్దెనిమిదేళ్ల కిందట నేను చేసిందే. నేనాడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది దానితోనే ఆడాను.

ఆ రోజుల్లో లేత్ అంటే మంచం కోళ్లు, ఉయ్యాల కంబాలే అని మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. బూర్గంపాడులో మా మేనమామ దుకాణంలో అవే చేసి చేసి విసుగెత్తి, నేను పెన్ను కిట్లు తెప్పించడం మొదలుపెట్టాను. ఇత్తడి గొట్టాలు, ములికి, క్లిప్పు, తిప్పుడు మర, నడుమకు తళతళలాడే ఉంగరం, ఇంతే కిట్టు. చెక్కకు బెజ్జం వేసి, గొట్టం అతికించి, లేత్ మీద ఉలితో సన్నగా తీయాలి. ఆ కిట్టుకు పట్టే రీఫిల్లు మన దుకాణాల్లో దొరకదు గనుక గొట్టం కోసి, మరను లోపలికి జరిపి, మామూలు రీఫిల్లు పట్టేటట్టు చేసేవాణ్ణి. పెన్నుతోపాటు ఒక కథ కూడా ఇచ్చేవాణ్ణి. ఇది పిడుగు పడిన చింత, వాన వచ్చే ముందు వేడెక్కుతుందని చెప్పి ఇస్తే, తల్లాడ రైతు ఒకాయన రెండేళ్లపాటు ఆ పెన్నును చెంపకు ఆనించి చూసుకునే మిరప కల్లం మీద పట్టాలు కప్పాడు.

అట్లాంటి రోజుల్లోనే ఈ స్కూటీ అక్క తల్లిని వెంటబెట్టుకుని, సగానికి కోసిన పడవ తెడ్డు పిడితో వచ్చింది. గోదావరిలో లంక పొలాలకు కూలీలను దాటించిన అక్క తండ్రి ఆ ఏడే పోయాడు. ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం బడిలో మొదటి సంతకం తండ్రి తెడ్డుతో చేసిన పెన్నుతోనే పెట్టాలని ఆశ. మా మేనమామ కట్టెను చేతిలో తూచి చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడా, గిది నీళ్లు తాగిన కట్టె. ఏడాది ఆరనియ్యాలె. జల్దీ చేస్తే పగులుద్ది."

వింటే నేను నేనెట్లా అవుతాను? బెజ్జం సగం పడిందో లేదో, పిడి నిలువునా చీలి ముక్కలైంది. వాళ్లు సాయంత్రం వస్తారు. విరిగిన మంచం కోడు టేకు తీసుకుని పెన్ను చేసి, మెరిసే ఉంగరం పారేసి, తెడ్డు పిడికి చుట్టి ఉన్న రాగి తీగనే నడుమ చుట్టాను. వాళ్లు రాగానే, బెజ్జం వేస్తుంటే లోపలినుంచి గోదావరి ఇసుక రాలిందని చెప్పాను. ఆ తల్లి పెన్నును కళ్లకద్దుకుంది. అక్క నావైపు ఒకసారి చూసి ఊరుకుంది.

ఇప్పుడు ఆ అక్కే హెల్మెట్ తీసి, అరుగు మీద కూర్చుని, నెమ్మదిగా అన్నది.

"తమ్మీ, గిది టేకు. మా నాయిన తెడ్డు నల్లమద్ది. నాకు గారోజే ఎరుకైంది."

మరి అప్పుడే ఎందుకు తిట్టలేదని అడిగాను.

"మా అమ్మ ముంగట ఏమని తిట్టాలె? నువ్వు ఇసుక రాలిందన్నవ్. నాయిన పోయినంక గారాత్రే ఆమె కడుపు నిండ తిన్నది. తీగ మాత్రం నాయినదే గదా, గందుకే సంతకం పెట్టిన."

తల్లి పోయిన ఏడు కన్నుమూసిందట. సంచిలోంచి తెడ్డు పిడి రెండో సగం తీసింది. ఇన్నేళ్లూ పొయ్యి మీద వేలాడి బొగ్గులా నల్లబడి ఉంది.

"నేను హెడ్‌మాస్టర్‌గా చేరాలె. గిదొక్కటే ముక్క మిగిలింది. గీసారి కథలొద్దు."

ఆవిడ లోపల మా ఆవిడతో టీ తాగుతుంటే నేను లేత్ ముందు నిలబడ్డాను. కట్టె వేడెక్కకుండా ఆగి ఆగి బెజ్జం వేశాను. నడుమకు వచ్చేసరికి పాత మేకు రంధ్రం ఒకటి తగిలి కరకరమన్నది, చిటికెడు ఇసుక జలజలా రాలి నా అరచేతిలో పడింది. గోదావరి ఇసుక! మిషన్ ఆపేశాను. పరుగెత్తుకెళ్లి చూపించాను.

అక్క పడీ పడీ నవ్వింది. "గీ ముచ్చట పాతదే తమ్మీ, కొత్తది చెప్పు!"

మా ఆవిడ ఇంకా ఎక్కువ నవ్వింది.

పెన్ను పగలకుండా వచ్చింది. పాత మర బాగుచేసి, అదే రాగి తీగ చుట్టి ఇచ్చాను. ఇప్పుడు బడిలో హాజరు ఫోనుకు ముఖం చూపిస్తే పడిపోతుంది. అయినా అక్క ఛార్జి తీసుకునే కాగితం మీద ఆ పెన్నుతోనే సంతకం చేసింది. లంకకు ఆ పడవ లేదు, మేనమామ లేడు, ఆయన దుకాణంలో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు అమ్ముతున్నారు. నేను అబద్ధం చెబితే నమ్మి, కడుపు నిండా తిన్న ఆ తల్లీ లేదు. ఆ ఇసుకను అగ్గిపెట్టెలో దాచి ఉంచాను. ఏదీ చూపించు అన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.