అక్క పేరున గేదెలు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. అప్పు పూర్తిగా తీర్చినవాడికి బ్యాంకువాళ్లు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తాకట్టు వస్తువు చేతిలో పెట్టి పంపుతారని. వయసు అలాంటిది మరి.

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో నా సివిల్స్ కోచింగ్ కోసం అక్క తన కాసులపేరు తాకట్టు పెట్టింది. (ఫలితాలు అడక్కండి. తర్వాత నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరానంటే మీకే అర్థమవుతుంది.) జీతంలోంచి కూడబెట్టి అప్పంతా తీర్చేశాను. బావ చెల్లెలి పెళ్లి దగ్గరపడింది. ఆ కాసులపేరు అక్క అత్తగారు పెట్టినది. అది మెడలో లేకుండా ఆవిడ ఎదుట పడే ధైర్యం అక్కకు లేదు. అందుకని ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం.

మేనేజరు కంప్యూటర్‌లోకి చూసి, "లోన్ క్లోజ్ హో గయా. లేకిన్ సోనా నహీ మిలేగా" అన్నాడు. లక్ష్మీదేవి పేరున ఇంకో అప్పు బాకీ ఉందట. గేదెల అప్పు! అది తీరేదాకా బంగారం కదలదట. అక్క పేరు లక్ష్మీదేవే, కాదనను. కానీ ఆవిడ ఉండేది సర్కారీ క్వార్టర్స్‌లో, నాలుగో అంతస్తులో.

"ఠీక్ హై, మా మనిషి వచ్చి చూస్తాడు" అన్నాడు మేనేజరు. నిజంగానే ఒకాయన వచ్చాడు. ఇల్లంతా తిరిగి, బాల్కనీలోకి తొంగిచూసి, "దీదీ, భైంస్ కహా హై?" అని అడిగాడు. "నాలుగంతస్తుల మెట్లు గేదెలు ఎక్కుతాయా భయ్యా?" అంది అక్క. అయినా ఇంటికొచ్చిన మనిషి కదా అని కాఫీ ఇచ్చింది. అదే కొంప ముంచింది. ఆయన ఓ గుక్క తాగి, కళ్లు చిన్నవి చేసుకుని, "దూధ్ బహుత్ అచ్ఛా హై. ఘర్ కా హై క్యా?" అన్నాడు, పాలు బాగున్నాయి, ఇంటివేనా అని. ఆ తర్వాత బ్యాంకుకు ఏం చెప్పాడో తెలుసా? గేదెలు కనబడలేదు, అమ్మేసుకుని ఉంటారు అని!

కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన మా బావ, "ముందు ఒక అర్జీ పెడదాం, తర్వాత రిమైండర్ పంపుదాం" అన్నాడు. "ఈలోగా మీ చెల్లికి పిల్లలు పుడతారు" అని అక్క నన్ను వెంటేసుకుని మళ్లీ బ్యాంకుకు బయలుదేరింది.

ఈసారి మేనేజరు "అమ్మేసిన గేదెల" సంగతి ఎత్తేసరికి అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కను చూపిస్తూ, బల్ల గుద్ది, హాలంతా దద్దరిల్లేలా అరిచాను: "సాబ్! యే మేరీ భైంస్ హై! ఇన్‌కే పాస్ ఏక్ భీ బహన్ నహీ హై!"

భైంస్ అంటే గేదె, బహన్ అంటే తోబుట్టువు. కోపంలో రెండూ తారుమారయ్యాయి. ఈవిడ నా గేదె, ఈవిడకు ఒక్క చెల్లెలు కూడా లేదు అని ప్రకటించానన్నమాట. గేటు దగ్గరి గార్డు మొదలుకుని అందరూ పడిపడి నవ్వారు. అక్క కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది.

ఆ నవ్వుల మధ్య, క్యాష్ కౌంటర్ వరసలోంచి ఒక పొడుగాటి పెద్దావిడ ముందుకొచ్చింది. ఆవిడది గ్రేటర్ నోయిడా దగ్గర పల్లె. "భైంసే తో మేరీ హై!" అంది. ఆవిడ పేరూ లక్ష్మీదేవే. ఉన్న గేదెల్లో ఒకటి చచ్చిపోయి వాయిదాలు ఆగాయట. "నా అప్పు నేను కడతా. ఈ బిటియా మెడలోది ఎందుకు పట్టుకున్నారు?" అని మేనేజరును నిలదీసింది. నోరు మూసుకుని ఉంటే ఆ అప్పు ఎవరి మెడకు చుట్టుకునేదో ఆవిడకు తెలియక కాదు.

మేనేజరు రెండు అప్పుల కాగితాల మీది ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకుని, ముందు మాకు టీ చెప్పాడు. తర్వాత బంగారం తెప్పించాడు. ఆ పెద్దావిడ కాసులపేరును అటూ ఇటూ తిప్పి చూసి, తన చేత్తోనే అక్క మెడలో వేసింది.

ఇప్పుడు బ్యాంకు పనులన్నీ ఫోన్‌లోనే. ఏదైనా తేడా వస్తే మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు రాకపోతే ఊరుకుంటాను. అలా ఊరుకున్నప్పుడల్లా, అక్క కోసం బల్ల గుద్దిన ఆ బక్క కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి హిందీ రాదు, భయమూ తెలియదు. నాకిప్పుడు రెండూ బాగా తెలుసు.