అమ్మ పేరు అడిగిన తాళం

ఆనేకల్‌లో తాళాల అంగడి నడిపే జయరామప్పకు ఊళ్లో మనుషుల మీదే కాదు, తానమ్మే తాళాల మీద కూడా నమ్మకం లేదు. తన ఇంటికి మాత్రం హోసూరులో కొన్న తాళం వేసేవాడు.

అలాంటి మనిషికి 2003లో కూతురు హరిణి సైబర్ సెంటర్‌లో ఈమెయిల్ తెరిచింది. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు ఆయన కూతుర్ని కూడా అటు తిరగమన్నాడు. పాస్‌వర్డ్ మరిచిపోతే పనికొస్తుందని కంప్యూటర్ ఆయన అమ్మ పేరు అడిగింది.

"తాళం వేసేదానికి మా అమ్మతో ఏం పని? ఇందులో ఏందో మతలబు ఉండాది," అని గొణుక్కుంటూ నోటికొచ్చిన దొంగ పేరొకటి కొట్టాడు. ఆ సంగతి హరిణికి చెప్పలేదు.

ఏడాది తిరక్కముందే పాస్‌వర్డ్ మరిచిపోయాడు. ఎంత తల పట్టుకున్నా ఆ దొంగ పేరూ గుర్తు రాలేదు. లక్ష్మమ్మ అని కొట్టాడు, గంగమ్మ అని కొట్టాడు, ఏదీ కుదరలేదు. చివరికి గతిలేక హరిణిని పిలిచాడు.

"దీనికేముంది నాయనా, అవ్వ పేరు కొడితే సరిపోతుంది," అంటూ ఆమె అక్కయమ్మ అని కొట్టింది.

తప్పు అంది కంప్యూటర్.

హరిణి తెర వంక చూసి, మెల్లగా తండ్రి వంక తిరిగింది.

"మా అవ్వ పేరు అక్కయమ్మే కదా, నాయనా?"

జయరామప్ప తల దించుకున్నాడు. కూతురి కళ్లలో ఉన్నది, ఇన్నాళ్లూ ఊరందరినీ తాను చూసిన చూపే.