నీల్స్ ఎవరి పేరు?

మా పక్కింటి పెద్దావిడ పోయారు. కాలనీ గ్రూపులో ఎవరో పెట్టారని మా వారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. నా నోట్లోంచి అయ్యో అన్న మాట కూడా రాలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"గ్రూప్‌లో ఉంది సుధా."

"గ్రూప్‌లో పెట్టినవాళ్ళకి ఎవరు చెప్పారు?"

ఆయన మెల్లగా, "అచ్చం ఆమె లెక్కనే అడుగుతున్నవ్," అన్నారు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆ రెండు ప్రశ్నలూ ఆవిడవే. ఎవరు ఏం చెప్పినా ముందు మొదటిది అడిగేవారు. దానికి జవాబు వస్తే రెండోది అడిగేవారు. రెండోదానికి కూడా జవాబు చెప్పగలిగిన మనిషిని నేనైతే చూడలేదు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒక చెక్క కంచె అడ్డం. ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉండేవారు. కూతురు డెన్వర్‌లో ఉంటుంది. ఆవిడ డేనిష్ రైతుల సంతతి. ముత్తాత డెన్మార్క్‌లో ఏదో పల్లె వదిలి టెక్సస్ వచ్చి పత్తి వేశాడట. ఆ ముత్తాతకి వెనక ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ వెతికి పట్టుకోవడమే రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని. వంశ చరిత్ర అని ఆవిడ అనేవారు గానీ, నాకు మాత్రం పోలీసు దర్యాప్తులా కనిపించేది. పోయినవాళ్ళంతా ఆవిడ లెక్కలో ముద్దాయిలే. కంప్యూటర్లో పాత చర్చి రిజిస్టర్లు తెరిచి, ఆ గొలుసుకట్టు రాతని భూతద్దం పెట్టి చదివేవారు. ఇంటర్నెట్లో ఎవరో తయారు చేసి పెట్టిన వంశవృక్షాలంటే ఒళ్ళు మంట. "చూడు, ఇందులో వీడు తండ్రి కంటే ముందే పుట్టాడు," అని నాకు చూపించి, ఆ చేసినవాణ్ణి కాసేపు తిట్టేవారు.

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. నా జ్ఞాపకంలో మాత్రం తెలుగులోనే మాట్లాడతారు. ఎందుకో తెలియదు.

మొదటిసారి కలిసినప్పుడు ఆవిడ చేతిలో పొరపాటున వాళ్ళింటికి వెళ్ళిన మా ఉత్తరాలున్నాయి. పలకరింపు లేదు, నవ్వు లేదు. "ఈ ఇంట్లో ఎన్ని కుటుంబాలు ఉంటున్నాయి?" అని అడిగారు. ఒక కవరు మీద చివర రవికుమార్ అని ఉంది. ఇంకోదాని మీద చింతకుంట. బ్యాంకు నుంచి వచ్చినదాని మీద ఒట్టి కొత్తపల్లి.

మా వారు లోపలి నుంచే మాట్లాడొద్దని సైగ చేశారు. ఆవిడ వెళ్ళాక అన్నారు కూడా: "ఎక్కువ మాట్లాడకు. అసోసియేషన్‌ల కంప్లైంట్ ఇస్తదేమో. మన వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌ల ఉంది." కాలనీ అసోసియేషన్‌కీ వీసాకీ ఏ సంబంధమూ లేదని మా ఇద్దరికీ తెలుసు. అయినా భయపడ్డాం.

మర్నాడు నేనే వెళ్ళి చెప్పాను. మా వారి పాస్‌పోర్టులో కొత్తపల్లి అన్న ఇంటిపేరు ముందు, రవికుమార్ అన్న అసలు పేరు తర్వాత పడింది. మన దగ్గర అదే వరస. ఇక్కడ చివర ఏది ఉంటే అదే ఇంటిపేరు. అందుకని ఆఫీసులో అందరూ ఆయన్ని "హాయ్ కొత్తపల్లి" అంటారు, బస్సులో కండక్టరు స్టాపు పేరు కేకేసినట్టు. పాప పుట్టినప్పుడు తండ్రి పేరు చివర ఉన్నదే పాపకి ఇంటిపేరైంది. రాజేశ్వరి రవికుమార్. ఇక నేను కాగితాలతో మళ్ళీ తిప్పలు ఎందుకని చింతకుంట అన్న పుట్టింటిపేరు మార్చుకోలేదు. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.

ఆవిడ ముఖంలో అనుమానం పోలేదు గానీ కళ్ళు వెలిగాయి. "అంటే పిల్లకి తండ్రి పేరే ఇంటిపేరు. మా పల్లెల్లోనూ అంతే. హాన్స్ కొడుకు హాన్సెన్. వాడి పేరు పేడర్ అయితే, వాడి కొడుకు పేడర్సెన్. తరం మారితే ఇంటిపేరు మారిపోతుంది. మీ పిల్ల మా ఊళ్ళో పుట్టి ఉంటే రవికుమార్స్‌డాటర్." అని ఒక క్షణం ఆగి, "ఆడవాళ్ళు పెళ్ళయినా పేరు మార్చుకునేవాళ్ళు కాదు, నీలాగే. ఎవరు ఎవరి భార్యో తేల్చలేక నా ప్రాణం పోతోంది," అన్నారు. ఆ చివరి మాట నన్ను తప్పుపట్టినట్టే వినిపించింది.

స్నేహం అలా మొదలైంది. దాన్ని స్నేహం అంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదేమో. మా పాప ఒకరోజు "హాయ్ ఆంటీ" అంది. ఆవిడ దాన్ని నిలబెట్టి, "నేను నీకు ఆంటీని ఎలా అవుతాను? అమ్మ వైపా, నాన్న వైపా?" అని అడిగారు. పాప బిక్కమొహం వేసింది. మేం పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తామని నేను సర్దిచెప్పబోతే, "ఇలాంటి పిలుపుల వల్లే వంశవృక్షాలు పాడవుతాయి," అన్నారు. పాప మాత్రం మానలేదు. కొన్నాళ్ళకి ఆవిడ ఆ పిలుపుకి తల తిప్పడం మొదలుపెట్టారు. ఒప్పుకున్నట్టు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మా కర్నూలు వైపు పొద్దున్నే పొంగనాలు వేసుకోవడం అలవాటు. ఒకసారి వంటింటి తలుపు తీసి ఉంటే వాసనకి లోపలికొచ్చారు. స్టవ్ మీద గుంతల పెనం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఆ పెనం నీకెక్కడిది?" ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్‌లో కొన్నానని చెప్పాను. నమ్మలేదు. ఇంటికి వెళ్ళి వాళ్ళ నానమ్మ ఇనప పెనం పట్టుకొచ్చి పక్కన పెట్టారు. అవే గుంతలు, అదే గుండ్రం. వాళ్ళు అందులో తీపి పిండి పోసి, అల్లిక సూదితో తిప్పుతారట. ఆవిడ రెండు పెనాలనూ తిరగేసి, గోటితో గీకి, చాలాసేపు చూశారు. "ఎవరో ఒకరు ఎవరి దగ్గరో కొట్టేశారు," అని తేల్చి, నాలుగు పొంగనాలు తిన్నారు. కరివేపాకు మాత్రం ఏరి పక్కన పెట్టి, అదేమిటో ఇంటికెళ్ళి చూస్తానన్నారు.

ఆవిడ నన్ను అసలైన కేసులోకి రానిచ్చింది ఆ తర్వాతే. కోట్లు తగిలించే అలమర తెరిచి, అడుగున గోడవైపు తిప్పి పెట్టిన ఒక ఫొటో తీశారు. తలకి గుడ్డ కట్టుకున్న ముసలి రైతు స్త్రీ. మోటు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కెమెరాని నమ్మనట్టు చూస్తోంది. చూడగానే నాకు నవ్వొచ్చింది. ఆ చూపు అచ్చం మా పెద్దావిడదే.

"మారెన్. మా ముత్తాత తల్లి," అన్నారు. "ఈవిడ గోడ ఎక్కాలంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి."

ప్రశ్న ఇది. వాళ్ళ పల్లెల్లో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టాలి, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. మారెన్ భర్త హాన్స్. అతని తండ్రి యెన్స్. మారెన్ తండ్రి పేడర్. కానీ మొదటి కొడుకు, అంటే టెక్సస్ వచ్చిన ముత్తాత, పేరు నీల్స్. ఆ పేరు అటు వాళ్ళలోనూ లేదు, ఇటు వాళ్ళలోనూ లేదు. "అది మారెన్ మనసులో ఉన్న వేరే మగాడి పేరు," అని పెద్దావిడ చిన్నప్పుడు వాళ్ళ నానమ్మ గొంతు తగ్గించి చెప్పిందట. నానమ్మకి వాళ్ళ అత్తగారు చెప్పిందట. అప్పటినుంచి ఆ వంశంలో ఏ ఆడపిల్లకీ మారెన్ అని పేరు పెట్టలేదు. ఫొటో అలమరల్లోనే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగింది.

"మాది ఎవరి రక్తమో నాకు తెలియాలి. పోయేలోపు తెలియాలి," అన్నారు.

ఆ ఊళ్ళో ఉన్న నీల్స్‌లందరి మీదా నిఘా పెట్టారు. పక్క పొలం నీల్స్, కమ్మరి నీల్స్. అందరికంటే గాలిమర నడిపే నీల్స్ మీద ఎక్కువ అనుమానం. బిడ్డకి చర్చిలో పేరు పెట్టిన రోజు అతను సాక్షిగా నిలబడ్డాడు. "ఎందుకు నిలబడ్డాడు? అతనికేం పని?" అని నన్నే గద్దించేవారు, నేనేదో దాస్తున్నట్టు. పైగా మారెన్ పుట్టిన ఊళ్ళో ఆమె పెళ్ళి ఎక్కడా నమోదై లేదు. అసలు పెళ్ళే జరగలేదేమోనని ఇంకో అనుమానం. వినీ వినీ నాకూ ఆ గాలిమరవాడంటే పడేది కాదు.

ఆ వేసవిలో మా అత్తయ్య కరీంనగర్ నుంచి వచ్చారు. ఒక సాయంత్రం వెనక పెరట్లో అందరం టీ తాగుతున్నాం. పాప పరుగెత్తుతుంటే అత్తయ్య పిలిచారు. "అత్తమ్మా, ఉర్కకు! పడ్తవ్!"

పెద్దావిడ కప్పు పట్టుకున్న చెయ్యి ఆగింది. "నువ్వు ఈవిడని అత్తయ్య అంటావు. మొగుడి తల్లి అని చెప్పావు. ఈవిడ ఈ చిన్నపిల్లని దాదాపు అదే మాట అంటోంది. ఇందులో ఏదో ఉంది," అన్నారు.

ఏమీ లేదన్నాను. పాప పేరు రాజేశ్వరి. అది మా వారి నానమ్మ పేరు, అంటే అత్తయ్యకి అత్తగారు. అత్తగారిని పేరు పెట్టి పిలవరు కదా. అందుకని మనవరాల్ని కూడా పేరుతో పిలవరు, అత్తమ్మా అంటారు.

"ఆ నానమ్మ ఉందా?"

"పోయారండీ. పాప పుట్టకముందే."

"బతికుంటే?"

నేను అత్తయ్యని అడిగాను. అత్తయ్య నవ్వేశారు. "బతికున్నోళ్ళ పేరు ఎట్ల పెడ్తం? పోయినోళ్ళ పేరే పెడ్తం. ఇంట్ల మళ్ళ వినపడాలె గదా."

నేను ఇంగ్లీషులో చెప్పాను. పెద్దావిడ కప్పు కింద పెట్టి లేచారు. వెళ్ళొస్తానని కూడా అనలేదు. కంచె తలుపు దగ్గర మాత్రం ఆగి, వెనక్కి తిరగకుండా అన్నారు: "నేను బతికున్నవాళ్ళలో వెతికాను."

"ఏమైందే? కోపమొచ్చిందా ముసలామెకు?" అని అత్తయ్య కంగారుపడ్డారు.

కోపం కాదు. కొన్ని వారాల తర్వాత ఆవిడే వచ్చి చెప్పారు. నీల్స్ అప్పటికే పోయిన మనిషైతే మారెన్‌కి ఏమవుతాడని ఆలోచించి, ఆమెని పెళ్ళికూతుళ్ళలో కాక వితంతువుల్లో వెతికారట. పక్క ఊరి చర్చి రిజిస్టర్లో ఆమె పెళ్ళి దొరికింది. మారెన్‌కి హాన్స్ రెండో భర్త. మొదటి భర్త జ్వరంతో పోయాడు. ఆ పొలంలోనే పనికున్న హాన్స్‌ని ఆమె చేసుకుంది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, మొదట పుట్టిన మగపిల్లాడికి పోయిన భర్త పేరు పెట్టడం అక్కడి ఆచారమట. పోయిన భర్త పేరు నీల్స్. గాలిమర నడిపే నీల్స్ అతని పినతండ్రి కొడుకు. అందుకే ఆ రోజు సాక్షిగా నిలబడ్డాడు.

"నానమ్మ చెప్పింది నిజమే. వేరే మగాడి పేరే," అన్నారు ఆవిడ.

అత్తయ్య నా చేత అడిగించారు. రెండో మొగుడు ఎట్లా ఒప్పుకున్నాడని. "ఒప్పుకోవడమేమిటి? ఆ ఇల్లు, ఆ పశువులు అన్నీ చనిపోయిన ఆయనవి. హాన్సే ఆ పేరు చెప్పి ఉంటాడు," అని వెంటనే వేలెత్తి, "ఇది నా ఊహ. రుజువు లేదు," అన్నారు.

"మంచోడు బిడ్డా ఆ హాన్స్," అన్నారు అత్తయ్య. ఆ మాట మాత్రం పెద్దావిడ రుజువు అడగకుండా తీసుకున్నారు.

ఇక ఫొటో గోడకి పెడతారా అని అడిగాను. "చూద్దాం. మారెన్‌లు చాలామంది ఉంటారు. ఇంకో ఆధారం దొరకనీ," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు తరాలు ఒక మనిషిని అలమరలో పెట్టింది చాలదా అని పైకే అనేశాను. ఆ తర్వాత ఆవిడ నన్ను ఇంట్లోకి పిలవడం మానేశారు. పొంగనాలు పట్టుకెళ్తే గుమ్మం బయటే అందుకుని, కరివేపాకు ఏరుకుంటూ అక్కడే నిలబడి మాట్లాడి పంపేసేవారు. తలుపు కూడా సగమే తెరిచేవారు. నా మాటకి నొచ్చుకున్నారనే అనుకున్నాను. ఆవిడ పోయాక నన్ను ఎక్కువగా తొలిచింది అదే.

వారం తర్వాత కూతురు డెన్వర్ నుంచి వచ్చి, సామాను సర్దడానికి సాయం కావాలని నన్ను పిలిచింది. ఆ తలుపు పూర్తిగా తెరిచి ఉండగా చూసి చాలా నెలలైంది. లోపల అడుగుపెట్టగానే ఎదురు గోడ మీద మారెన్. తలుపు సగమే ఎందుకు తెరిచేవారో అప్పుడు తెలిసింది.

"ఈవిడెవరో నాకు తెలియదు. ఈ ఫొటో నేనెప్పుడూ చూడలేదు," అంది కూతురు.

"మీ అమ్మగారి ముత్తాత తల్లి," అన్నాను.

"ఎవరు చెప్పారు?" అంది ఆ అమ్మాయి, అనుమానంగా, కనుబొమలు దగ్గరకి తెచ్చి.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మీ అమ్మగారే," అన్నాను. ఆ అమ్మాయి రెండో ప్రశ్న కూడా అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. టిష్యూ పెట్టె నా వైపు జరిపి, తను కూడా ఒకటి తీసుకుంది.

ఎవరినీ సాయానికి పిలవకుండా, ఎవరికీ చెప్పకుండా, ఆవిడే మేకు కొట్టుకున్నట్టున్నారు. సుత్తి తప్పి పడిన గుంటలు గోడ మీద కనిపిస్తున్నాయి. మేకు వంకరగా ఉంది. మామూలుగా ఫొటోలు పెట్టే ఎత్తు కంటే చాలా కిందికి ఉంది. నేను చూడాలంటే కొంచెం వంగాల్సి వచ్చింది. వంగాక అర్థమైంది, అది నడుం వంగిన ఆ పెద్దావిడ కళ్ళ ఎత్తు. తలకి గుడ్డ కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మారెన్ వీధి తలుపు వైపు, వచ్చేపోయేవాళ్ళందరినీ అనుమానంగా చూస్తోంది.