తుపాకీ తెరిచి ఇచ్చే కొట్టు

విజయనగరంలో తుపాకులమ్మే కొట్టు ఒకటుందని ఆ వీధిలో రోజూ నడిచేవాళ్ళలోనే సగంమందికి తెలియదు. ఇత్తడి సామాన్ల దుకాణానికీ గొడుగులు బాగుచేసే అరుగుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. లోపల ఒక బల్ల, ఒక బెంచీ, ఇనుప ఊచల బీరువా, గోడకి చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు. యజమానిది బాప్టిస్టు కుటుంబం. ఆదివారం కొట్టు తియ్యడు. దసరా నాడు మాత్రం పొద్దున్నే తీసి కూర్చుంటాడు. తన దగ్గర దాచిన తుపాకులకి ఆయుధపూజ చేసుకోవడానికి రైతులు వస్తారు. గొట్టాలకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి వెళ్ళిపోతారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన నూనెగుడ్డ తీసుకుని ఒక్కొక్కటే తుడుస్తాడు. తడి కుంకుమ ఇనుముని తినేస్తుందని ఆయన దిగులు. ఆ మాట ఒక్క రైతుకి కూడా చెప్పగా నేను వినలేదు.

పత్రికలో జిల్లా వార్తలు రాసే రోజుల్లో ప్రతి ఎన్నికలకీ ఆ కొట్టుకి వెళ్ళేవాణ్ణి. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సున్న తుపాకులన్నీ అప్పగించాలి. పోలీసు స్టేషనులో ఇవ్వొచ్చు, లేదా లైసెన్సున్న కొట్టులో ఇచ్చి రసీదు స్టేషనులో చూపించొచ్చు. స్టేషను గదిలో మూలన పడేస్తే తుప్పు పడుతుందని రైతులు కొట్టుకే తెచ్చేవారు. పాత చీరలో చుట్టి, తాడు కట్టి, బస్సుల్లో తెచ్చేవారు. ఆ వారం కొట్టు డాక్టరుగారి వరండాలా ఉండేది. పంటల కబుర్లు, పందుల కబుర్లు, మోకాళ్ళ నొప్పులు. నాకు ఒక కాలమ్ వార్తా, ఒక ఫొటో దొరికేవి.

కొట్టాయనకి ఒక పద్ధతి ఉంది. మూట తనే విప్పుతాడు. పలకరింపు కన్నా ముందు గొట్టం మడిచి తెరుస్తాడు. వీధి వెలుగుకి పెట్టి గొట్టంలోంచి చూస్తాడు. అప్పుడే మాట. తిరిగి ఎవరి చేతికిచ్చినా గొట్టం తెరిచే ఇస్తాడు. మూసిన తుపాకీ ఆ బల్ల మీదుగా చేతులు మారగా నేను చూడలేదు.

మా మావ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆ కొట్టుకి ముప్ఫయ్యేళ్ళుగా వస్తున్నాడు. ఆయన ఊరు శృంగవరపుకోట దాటాక కొండల అంచున. మొక్కజొన్న, కొంచెం చెరకు, దిగువన వరి. పంట మీదికి అడవి పందులు దిగుతాయి. వాటిని బెదరగొట్టడానికి తాతల నాడు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకీ అది. పేల్చడం గాల్లోకే. కానీ ఆ ఊళ్ళో మా మావ ఇల్లంటే ఎవరూ పేరుతో చెప్పరు, తుపాకీ ఉన్న ఇల్లంటారు. లైసెన్సు ఒకసారి పోతే మళ్ళీ కొత్తది పుట్టదని అందరికీ తెలుసు. మావా, కొట్టాయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఏ వరసలో బావలో ఇద్దరికీ తెలియదు.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది ఎన్నికలప్పుడు నేను వార్తల కోసం అటు వెళ్ళి మావ ఇంట్లోనే పడుకున్నాను. తెల్లారాక స్టేషను నుంచి కబురొచ్చింది, ఈరోజే అప్పగించాలని. గోడకి ఆన్చి ఉన్న తుపాకీని అత్త ఎప్పటిలా పాత నేత చీరలో చుట్టి తాడు కట్టింది. ఇద్దరం బస్సెక్కాం. మావకి కిటికీ పక్కన సీటు దొరికింది. నేను నడవ వైపు కూర్చుని మూటని కాళ్ళ మధ్య నిలబెట్టి, పైకొసని భుజానికి ఆన్చుకున్నాను. శృంగవరపుకోట నుంచి విజయనగరం దాకా రోడ్డు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. దారిలో కాస్త కునుకు కూడా తీశాను.

కొట్లో అప్పటికి నలుగురైదుగురు ఉన్నారు. కొట్టాయన తాడు విప్పుతూ, ఖాళీయేనా బావా అని అడిగాడు. అది ఆయన ప్రతివాణ్ణీ అడిగేదే.

"పొద్దున్నే తూటా దింపీసాను. డబ్బాలో ఎట్టీసాను," అన్నాడు మావ. ఆ మాటలో తడబాటు ఏమీ లేదు.

కొట్టాయన గొట్టం తెరిచాడు. నేను బల్ల పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. గొట్టంలో తూటా ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో లాగి, పిడికిట్లో మూసుకుని, ఆ చేతిని సొరుగులోకి పంపించి రసీదు పుస్తకం తీశాడు. మావ పక్కనున్న గజపతినగరం రైతుతో వానల గురించి మాట్లాడుతున్నాడు. కొట్టాయన తలెత్తి నన్ను చూశాడు. ఏమీ అనొద్దని ఆ చూపు. నా భుజం మీద చొక్కా సర్దుకోవడం మాత్రం గుర్తుంది.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళాను. మావకి చెప్పాలా వద్దా అన్నదే నా ప్రశ్న. కొట్టాయన ఇంకో తుపాకీ తుడుస్తూ అన్నాడు.

"మరిసిపోడం తప్పు కాదు బాబూ. నేనూ మరిసిపోతాను. బావకి మరిసిపోయినట్టు కూడా తెలకపోతన్నాది. సెప్తే నమ్మడు, నాతోటి మాటలాపేస్తాడు. నమ్మేడనుకో, మంచం ఎక్కేస్తాడు."

అందుకని ఆయన మూడో దారి పట్టాడు. ఫలితాలొచ్చాక అందరి తుపాకులూ తిరిగిచ్చేశాడు. మావది మాత్రం లోపల స్ప్రింగు వదులైందని, సామాను పై ఊరి నుంచి రావాలని ఆపాడు. మావ వానాకాలంలో రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళాడు. సామాను రాలేదు. ఆ ఏడు పందులు మొక్కజొన్నలో పడితే అత్తా, కూలీలూ డబ్బాలు వాయించారు. ఊళ్ళో ఎవడో, తుపాకీ ఉన్న ఇంట్లో డబ్బాల మోతేటి అన్నాడట. ఆ మాట మావ నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు.

ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ అచ్చులో పెట్టి బతికినవాణ్ణి, మా ఇంటి మనిషికి చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

మావ ఓపిక నశించాక, మా పత్రికలోనే వచ్చిన ప్రకటన కత్తిరించి పట్టుకొచ్చాడు. విశాఖలో తుపాకుల పెద్ద షోరూం తెరిచారు. ఇంకో మూడు నగరాల్లో కూడా వాళ్ళకి కొట్లున్నాయని అందులో ఉంది. పాతది అమ్మేసి, అక్కడ జోడుగొట్టాలది కొంటానన్నాడు. నన్ను తోడు రమ్మన్నాడు. కాదనడానికి నా దగ్గర ఒకే కారణం ఉంది, అది చెప్పలేనిది. వెళ్ళాను.

ఆ షోరూంని తక్కువ చేసి రాయను. తలుపు తెరిచినవాడు నమస్కారం పెట్టాడు. ఏసీ, మెత్తటి సోఫా, గ్లాసుల్లో చల్లటి నీళ్ళు. గోడల నిండా తుపాకులు, ఒక్కొక్కదానికీ పైన దీపం, కింద ధర రాసిన చీటీ. మా వీధి కొట్లో ధర తెలియాలంటే ముందు మన ఊరు, ఇంటి సంగతులు, ఎవరి మనిషివో చెప్పుకోవాలి. అక్కడ ఆ ప్రశ్నలేవీ లేవు. టై కట్టుకున్న కుర్రాడు లైసెన్సు పుస్తకం చూశాడు, ఆధార్ చూశాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. అవతలి సోఫాలో భోగాపురం వైపు స్థలాల వ్యాపారం చేసే ఆయన, కారులో పెట్టుకోవడానికి చిన్న పిస్తోలు చూస్తున్నాడు. ఆయనకీ అదే నమస్కారం, అవే చల్లటి నీళ్ళు. ఎవరి కొడుకువి అని అడగని చోట నిలబడటమే మర్యాదగా తోచే మనుషులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకి ఆ షోరూం ఎంత హాయో నాకు తెలుసు. అంతేకాదు, సర్కారు ఇచ్చిన లైసెన్సుని మా వీధి కొట్టాయన తన సొంత తీర్పుతో ఎలా ఆపగలడు? ఈరోజు మంచికే ఆపాడు. రేపు మనిషి నచ్చక ఆపితే? ఆ సోఫాలో కూర్చుని ఇదంతా ఆలోచించాను.

కుర్రాడు గోడ మీది నుంచి జోడుగొట్టాల తుపాకీ దించి, మూసినది మూసినట్టే మావ చేతిలో పెట్టాడు. భుజానికి ఎత్తి చూడండి సార్ అన్నాడు. మావ ఎత్తాడు. బరువుని తూచుకుంటున్నట్టు గొట్టాలు గోడ మీది నుంచి సోఫా వైపు, సోఫా నుంచి నా వైపు తిరిగాయి. నా గుండెకి ఎదురుగా వచ్చి ఆగాయి. మావ వేలు మీట నొక్కింది, టిక్కుమని శబ్దం వచ్చింది.

"పర్లేదు సార్, ఖాళీదే," అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

మావ నవ్వలేదు. గొట్టాల కొసలు ఎటు చూస్తున్నాయో ఆయన అప్పుడే చూసుకున్నాడు. తుపాకీని అద్దం బల్ల మీద నెమ్మదిగా పెట్టి, మళ్ళీ వస్తానని చెప్పి బయటికి నడిచాడు. కుర్రాడు గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

బస్టాండు ఎదుట టీ కొట్లో కూర్చున్నాం. టీ చల్లారిపోయేదాకా మావ గ్లాసు ముట్టలేదు.

"ఆడేటీ అనలేదేట్రా నన్ను?" అన్నాడు చివరికి. "మన కొట్లో అయితే బావ సెయ్యి ఇరిసీసేవోడు."

నేను బస్సుల వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఒరే అల్లుడా. ఆ ఎలచ్చన్లప్పుడు బావ పిడికిట్లో ఏదో మూసీసినాడు. నేను సూసినాను, అడగనేదు. నిజం సెప్పు, ఏటది?"

చెప్పాను. మూట ఎవరు కట్టారో, గొట్టంలో ఏముందో, కొట్టాయన ఎందుకు దాచాడో, స్ప్రింగు సంగతేమిటో, అన్నీ చెప్పాను. మావ వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టి వాటినే చూసుకున్నాడు.

"బస్సులో నీ బుజం మీదే కదరా ఉన్నాది అది," అన్నాడు.

తరవాత వారం ఇద్దరం విజయనగరం కొట్టుకి వెళ్ళాం. మమ్మల్ని చూడగానే కొట్టాయనకి అర్థమైపోయింది. సాకు చెప్పలేదు. బీరువా తాళం తీసి, మావ తుపాకీ దించాడు. చెక్క నిగనిగలాడుతోంది, గొట్టంలో మరక లేదు. ఎప్పుడో సిద్ధమైపోయిన తుపాకీ అది. గొట్టం తెరిచి బల్ల మీద పెట్టాడు. సొరుగులోంచి తూటా తీసి దాని పక్కన పెట్టాడు.

"నీది నీకిచ్చేస్తాను బావా. ఆపడానికి నాకేటి హక్కు," అన్నాడు.

మావ తుపాకీ మీద చెయ్యి వేసి, గొట్టం పొడవునా ఒకసారి నిమిరాడు. తూటాని ముట్టుకోలేదు. తరవాత తుపాకీని కొట్టాయన వైపే జరిపాడు.

"ఎలచ్చన్లు నాకింకా అవనేదులే. ఉంచు," అన్నాడు.

కొట్టాయన అట్టముక్క మీద మావ పేరు రాసి గొట్టానికి కట్టాడు. లైసెన్సు పుస్తకం ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంది. గడువు తీరినప్పుడల్లా మావ దాన్ని రెన్యువలు చేయించుకుంటూనే ఉన్నాడు. దసరాకి వచ్చి తన తుపాకీకి బొట్టు పెట్టి వెళ్తున్నాడు, ఆ బొట్టు కొట్టాయన తుడుస్తున్నాడు. పొలం చుట్టూ అత్త పాత చీరలు కట్టింది. గాలికి రంగుల గుడ్డలు ఊగితే పందులు కొంత జంకుతాయి. మూట కట్టే ఆ నేత చీర కూడా కంచె మీదే చూశాను. ఊళ్ళో ఇప్పటికీ వాళ్ళది తుపాకీ ఉన్న ఇల్లే.

ఆ తరవాత కొట్టాయన కొత్త నియమం పెట్టాడు. చీరలో చుట్టి తెచ్చినా సరే, గొట్టం తెరిచే చుట్టాలి. రైతులు మొదట సణిగారు, బస్సులో ఇమడదన్నారు. మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి అలవాటు పడ్డారు. పోయిన ఎన్నికలకి నేను ఎప్పటిలా ఒక కాలమ్ వార్త కోసం వెళితే, బెంచీ పక్కన గోడకి ఆన్చిన మూటలన్నీ మోచేతుల్లా వంగి ఉన్నాయి.

మావ కూడా ఆ రోజు బస్సెక్కి వచ్చాడు, ఉత్త చేతులతో. ఎవరూ రమ్మనలేదు. బెంచీ మీద తన చోట కూర్చుని పందుల కబుర్లు చెబుతున్నాడు. నీ తుపాకీ ఏది అని ఒకతను అడిగితే, నాది అందరికన్నా ముందే ఇచ్చీసినాను అన్నాడు. నన్ను చూసి ఒక క్షణం ఆలోచనలో పడ్డాడు. తరవాత పక్కకి జరిగి చోటిచ్చాడు.

అప్పుడే ఒక రైతు లోపలికొచ్చాడు. ఈ కొట్టుకి కొత్త మనిషిలా ఉన్నాడు. అతని చంకలో మూట నిటారుగా ఉంది. నేరుగా బల్ల దగ్గరికి నడిచి కొట్టాయనకి అందించబోయాడు. కొట్టాయన నోరు తెరిచేలోపే మావ బెంచీ మీది నుంచి లేచి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బాబూ," అన్నాడు. "గొట్టం గోడేపు తిప్పి, మూట నువ్వే ఇప్పు. తెరిసి ఇవ్వు."