సైలెన్సర్‌కి మడి కట్టిన వైనం

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో అణుమాత్రం సందేహం ఉండేది కాదు. ఒకటి, దేవుడు లేడు. రెండు, నేను గట్టిగా వాదిస్తే ఎదుటివాడు మారి తీరతాడు. మొదటిదాని మీద ఇవాళ్టికీ నిలబడే ఉన్నాను. రెండోది వట్టి మూఢనమ్మకమని తెలుసుకోవడానికి మాత్రం నాకొక సైలెన్సర్ కావలసి వచ్చింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అరిజోనాలోని చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం, రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్, అందులో సగానికి వాటాదారు పంచాంగం. (అసలు పేరు వేరే ఉంది. రాహుకాలం చూడకుండా మైక్రోవేవ్ కూడా నొక్కడని మేం పెట్టిన పేరది.) కరీంనగర్ వాడు, హెచ్-వన్‌బీ వీసా మీద ఉన్నాడు. ప్రతి శనివారం తడిపి ఆరేసిన పంచె కట్టుకుని మడితో వంట చేసేవాడు. ఆ పూట నేను వంటగదిలోకి అడుగు పెట్టబోతే "ముట్టుకోకు మామా, ముట్టుకోకు!" అని గరిటె అడ్డం పెట్టేవాడు. తెనాలి వక్తృత్వ పోటీల్లో మడీ మైలల మీద మాట్లాడి కప్పులు గెలిచిన నేను ఊరుకుంటానా? "తాకితే పోయే పవిత్రత పవిత్రతే కాదురా!" అని కౌంటర్ అవతలి నుంచే ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. అతను పోపు వేసేవాడు. ఆ చిటపటల్లో నా రెండో పాయింటు ఎప్పుడూ మునిగిపోయేది.

ఇలా ఉండగా మా మేనేజర్ నన్ను ఎడారిలోని షూటింగ్ రేంజ్‌కి అలవాటు చేశాడు. రైఫిల్ ఆయనది, ఆయన ఇంట్లోనే ఉండేది. నాకు మిగిలిందల్లా కుడి చెవిలో ఆగని ఈల. "చెవులు కావాలంటే నీకంటూ ఒక సైలెన్సర్ కొనుక్కో" అన్నాడాయన. ఇంటికొచ్చి పంచాంగానికి ఆ మాటే చెప్పాను.

"ఏ, నీ కారు మంచిగనే ఉంది గదా? చప్పుడేం వస్తలేదు!"

మనవాళ్లకి సైలెన్సర్ అంటే బండి వెనక పొగగొట్టమే మరి. ఇది తుపాకి గొట్టానికి బిగించేదని, చప్పుడు పూర్తిగా పోదు గాని చెవి బతుకుతుందని వివరించాను. అంతా విని, "గదేదో ముందుగాల నీ నోటికి పెట్టుకోరాదు మామా!" అన్నాడు.

కొనడం తేలికే, చేతికి రావడమే పురాణం. ఫెడరల్ ఫారం, వేలిముద్రలు, ఫొటో, స్థానిక పోలీసు అధికారికి ఒక కాపీ, చివరికి అనుమతి వచ్చినట్టు పన్ను స్టాంపు. అమ్మ నర్సు ఉద్యోగం పుణ్యమా అని నాకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి అర్హత ఉంది. (ఇక్కడ పుణ్యం అన్న మాట కేవలం వాడుక కోసం.) స్టాంపు వచ్చేదాకా నా వస్తువు షాపువాళ్ల బీరువాలోనే ఉండాలి. షాపు పెద్దాయన మంచివాడు. వెనకే వాళ్ల రేంజ్ ఉంది, ఆయన పక్కన నిలబడితే అక్కడే వాళ్ల తుపాకికి బిగించి వాడుకోవచ్చు. రెండు వారాలకోసారి వెళ్లి, చూసుకుని, వాడుకుని, అప్పగించి వచ్చేవాణ్ణి.

"దర్శనం మంచిగైందా మామా? స్పెషల్ దర్శనమా, ధర్మ దర్శనమా?"

అలా ఎనిమిది నెలలు. అదే సమయంలో పంచాంగం వీసా ఎక్స్‌టెన్షన్ కూడా నడుస్తోంది. పొద్దున్నే ఇద్దరం ఫోన్లలో స్టేటస్ చూసుకునేవాళ్లం. అతను దండం పెట్టి చూసేవాడు, నేను పెట్టకుండా చూసేవాణ్ణి. ఇద్దరికీ పెండింగే.

నా స్టాంపు ముందొచ్చింది. వస్తువు చేతికిస్తూ షాపు పెద్దాయన, ఇంట్లో ఇంకెవరుంటారని అడిగాడు. చెప్పాను. ఆయన మొహం గంభీరమైంది. అలాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఇది దగ్గర పెట్టుకోకూడదట. చట్టానికి ఇదీ తుపాకీ ఒకటేనట. పట్టుకోకపోయినా, తాళంచెవి అతనికి అందేచోట ఉంటే అతని దగ్గర ఉన్నట్టే లెక్క కట్టొచ్చట. అక్కడికక్కడే ఒక ఇనప పెట్టె కొన్నాను. ఇల్లు చేరాక నా నోటితో నేనే అన్నాను: "నా గదిలో ఒక పెట్టె ఉంది. దాన్ని ముట్టుకోకు."

పంచాంగం పడీ పడీ నవ్వాడు. కారణం చెప్పాక నవ్వు ఆగిపోయింది. "ఆటలాడకు మామా. నా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌ల ఉంది. గిది దానికి అడ్డమొస్తె నేను సామాను సర్దుకునుడే."

తాళంచెవి నా జేబు దాటదని మాటిచ్చాను. హేతువాది మాట! మూడు వారాలు నిలబడింది.

జులైలో ఒక శనివారం నాకు డ్యూటీ పడింది. పదకొండింటికి ఫోన్.

"మామా, నీ తాళంచెవి నా పప్పు గిన్నె పక్కన ఉన్నది."

"పక్కకి జరిపెయ్‌రా."

"ముట్టుకోను."

"పోనీ, చూడనట్టు ఉండు."

"ఇంట్ల నేనొక్కణ్ణే ఉన్న, అది నా చేతికి అందేటట్టున్నది. బయటికి పోతున్న. నువ్వొచ్చేదాంక లోపలికి రాను."

అరిజోనా జులై అంటే బయట నిలబడే నెల కాదు. ఇరవై ఐదు నిమిషాల దారి ఎలా వచ్చానో నాకే తెలియదు. కార్ల షెడ్డు కింద మడి పంచెతో నిలబడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట. పక్కింటి అమెరికన్ ఆవిడ జాలిపడి ఇచ్చిన ఐసు నీళ్ల గ్లాసు పక్కన గోడ మీద ఉంది. మడిలో ఉన్నాడు కనుక తాగడు. అతని మడికీ నా మడికీ మధ్య పాపం ఎండిపోతున్నాడు.

నన్ను చూసి మెల్లగా అన్నాడు: "ఇప్పుడు జెప్పు మామా. తాకితె పోయే వీసా వీసానే కాదని జెప్పు."

లోపలికెళ్లి తాళంచెవి తీసుకున్నాను. జేబుని ఇక నమ్మబుద్ధి కాలేదు. అతనే వచ్చి, తన పూజ అలమరలోంచి ఎర్రదారం ఒకటి తెంపి ఇచ్చాడు. "మెడల ఏస్కో. దారం నేను ముట్టుకుంటె చట్టం ఏమనదు గదా?" వేసుకున్నాను. అప్పుడు మంచినీళ్లు తాగాడు.

అతని ఎక్స్‌టెన్షన్ వచ్చింది. తరవాత పెళ్లి చేసుకుని న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో వెళ్లిపోయాడు. ఆ రాష్ట్రంలో సైలెన్సర్ ఉంచుకోవడమే నేరం కనుక నేను వెళ్లినప్పుడల్లా గుమ్మంలోనే అడుగుతాడు: "మైల వదిలించుకొని వచ్చినవా మామా?"

మొన్నొక హేతువాద సమావేశంలో తాయెత్తుల మీద మంచి జోరుగా మాట్లాడుతుంటే, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి లేచి, "అంకుల్, మీ నెక్‌లో ఆ రెడ్ థ్రెడ్ ఏంటి?" అని అడిగింది. ఇరవై ఆరేళ్ల నేను ఆ ముందు వరసలో కూర్చుని ఉంటే నన్ను చీల్చి చెండాడేవాణ్ణే. "నమ్మకం కాదమ్మా, చట్టం" అని దానికున్న తాళంచెవి పైకి తీసి చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

కానీ చట్టం తాళంచెవి వరకే. ఇన్నేళ్లలో గొలుసు కొనుక్కోలేక కాదు. దారం వెలిసిపోయింది, మార్చబుద్ధి కాలేదు.