మరిడమ్మక్క సీసాల డయాలసిస్

మరిడమ్మక్క రిటైరై ఏడాదైంది. ఆవిడ గొంతు లేక మా వార్డు బోసిపోయింది. ఆ చివర నిలబడి ఆవిడ మాట్లాడితే ఈ చివర రోగి లేచి కూర్చునేవాడు. శ్రీకూర్మం దగ్గర సముద్రపొడ్డు పల్లెలో పుట్టిన మనిషి, అలల హోరు మీద అరిచి పెరిగిన గొంతు. విజయనగరంలోని మా ప్రైవేటు ఆసుపత్రిలో నేను డయాలసిస్ టెక్నీషియన్ని, ఆవిడ అందరికన్నా పాత నర్సు.

ఆవిడకి నా మిషన్లంటే చిన్నచూపు. నాకు ఆవిడ సీసాలంటే అంతకన్నా చిన్నచూపు.

"నీ మిషను నాలుగ్గంటల్లో రక్తం కడిగీస్తాది, కాదన్ను. ఆ నాలుగ్గంటలూ మనిషి తట్టుకోవాల కదరా యుగంధర్!" అనేది.

మిషన్లు రాకముందు, కిడ్నీలు హఠాత్తుగా ఆగిపోయినవాళ్లకి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, సీసాల్లోని మందునీళ్లు ఎక్కించి, అరగంట ఉంచి దించేసేవారు. రక్తంలోని చెడంతా పొట్టలోపలి పొరగుండా ఆ నీళ్లలోకి దిగేది. గంటకో విడత చొప్పున రెండు రోజులు. ఎడ్లబండి కాలం వైద్యమని నేను వెక్కిరించేవాణ్ణి. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

2014 అక్టోబరులో సాలూరు వైపునుంచి దాలయ్య అనే రైతుని తెచ్చారు. చేనుగట్టు మీద రక్తపింజర కరిచింది. విషానికి మందు పడి ప్రాణం నిలిచింది గానీ మూత్రం ఆగిపోయింది. కొన్నాళ్లు డయాలసిస్‌తో నెట్టుకొస్తే కిడ్నీలు మళ్లీ అందుకుంటాయని డాక్టరు భారతిగారి ఆశ. రెండుసార్లు మిషను మీద పెట్టాను. రెండుసార్లూ గంట తిరక్కుండానే బీపీ పడిపోయి కళ్లు తేలేశాడు, సగంలో ఆపేశాను. మూడోసారి ఆదివారం అనుకున్నాం. ఆ ఆదివారమే హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడింది.

సోమవారం తెల్లారేసరికి కరెంటు స్తంభాలన్నీ నేలమీదున్నాయి. జనరేటరు గదిలో మోకాల్లోతు నీళ్లు. నా మిషన్లు మూడూ ఉత్త బీరువాల్లా నిలబడ్డాయి.

దాలయ్య భార్య కూర్మమ్మ ముందురోజు నుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా మంచం పక్కనే కూర్చుంది. జాలేసి, ఆసుపత్రి వెనక రాలిపడ్డ కొబ్బరిబొండాల్లో ఒకటి కొట్టి తాగమని ఇచ్చాను. ఆమె తాగలేదు. చలవ చేసి మూత్రం వస్తుందని గుక్కగుక్కగా మొగుడికి పట్టించింది. మా వైపు ఏ జబ్బుకైనా ముందు బొండమే కదా! కిడ్నీలు ఆగినవాడికి అందులోని పొటాషియం నేరుగా గుండె మీదకి పోతుంది. మధ్యాహ్నానికి బ్యాటరీ మానిటరులో దాలయ్య గుండె గీతలు వంకరపోయాయి.

మంచం కింద ఖాళీ బొండాన్ని మరిడమ్మక్క చూసింది.

"నేనే కొట్టిచ్చానక్కా. ఆవిడ తాగుతుందనుకున్నాను," అన్నాను.

"ఇంత పొటాషియానికి నీ మిషనే మేలురా. అది లేదు, ఏటి సేస్తాం? స్టోరులో సీసాలున్నాయి, పట్రా," అంది.

భారతిగారు గుండె ఆగకుండా కాల్షియం ఇచ్చి, బొడ్డు కింద మత్తిచ్చి గొట్టం వేశారు. చోటు వేలు పెట్టి చూపించింది మరిడమ్మక్కే. కూర్మమ్మ నెత్తి బాదుకుంటోంది. "నా సేతుల్తో నానే సంపీసినాను తల్లీ!"

"ఒసే, తెలిసి సేసినావేటే? లే! ఈ సీసాలు ఏన్నీళ్ల బకెట్లో పెట్టు. గోరెచ్చగుండాల, సూసుకో," అని మరిడమ్మక్క ఆమెని పనిలో పెట్టింది. నేను బొండం ఇచ్చిన సంగతీ, ఆమె పట్టించిన సంగతీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

పది నిమిషాలు ఎక్కడం, అరగంట ఆగడం, ఇరవై నిమిషాలు దిగడం. నా వాచీయే మాకు మిషను. నీళ్లు దిగకుండా మొండికేస్తే, "ఇటు ఒత్తిగిల్లు బావా, పెళ్లికొడుకులా పడుకున్నావు," అని దాలయ్యని పక్కకి తిప్పేది, మళ్లీ ధార కట్టేది. మంగళవారానికి గుండె గీతలు చక్కబడ్డాయి. బీపీ ఒక్కసారీ పడలేదు. ఆవిడ పక్కన నిలబడి గంటలు లెక్కపెట్టిన ఆ రెండు రోజులూ నాకు మళ్లీ కావాలనిపిస్తుంది, అంత భయంలోనూ.

బుధవారం సాయంత్రం జనరేటరు బాగైంది. గొట్టాన్ని ఇంకా ఉంచితే చీము పట్టే ప్రమాదముంది. అది తీసేసి మిషను మీదకి మార్చమన్నారు భారతిగారు. మిషను ఆన్ చేసి, బీపీ పట్టీ పక్కన పెట్టుకున్నాను. మళ్లీ బీపీ పడిపోతే ఈసారి తిరిగి లేచే సత్తువ అతనిలో లేదు.

అప్పుడు వార్డులోంచి మరిడమ్మక్క వచ్చింది. చేతిలో కొలత జాడీ, అందులో చిక్కటి పసుపు రంగు మూత్రం. ఆవిడ వెనకే వచ్చిన కూర్మమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఒరే, మిషను ఆపీరా, డాక్టరమ్మ సెప్పింది. ఆయనే పోసుకుంతన్నాడు," అంది మరిడమ్మక్క.

ఒక మనిషిని చంపినవాణ్ణి కాకుండా ఆ రోజు ఇంటికి పోబోతున్నాను. మిషను ఆపి, దానికే తల ఆనించి ఏడ్చేశాను.