త్రిమూర్తులుగారి స్నానాల కాలువ

మొన్న ఏప్రిల్లో ఒక ఉదయం, నేను ఒళ్ళంతా సున్నిపిండి పట్టించుకుని చెంబు పైకెత్తిన సమయంలో, కింద పెరట్లోంచి మా ఇంటి ఓనరు త్రిమూర్తులుగారు వీధి వీధంతా వినపడేలా కేక వేశారు.

“మాస్టారండీ! బెండమొక్కల దగ్గర ఆగిపోయిందండీ. ఇంకో నాలుగు చెంబులు పోసుకోండి!”

పోసుకున్నాను.

“వంగ దాటిందండీ! ఆపకండి!”

ఎదురుడాబా మీద వడియాలు పెడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ రోజు నుంచి నన్ను చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు.

ఎండాకాలం కాలువలకి నీళ్ళు ఆపేశాక త్రిమూర్తులుగారికి మనుషులు మనుషుల్లా కనిపించరు, స్నానాల్లా కనిపిస్తారు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. మా మేడ మీది బాత్రూము గొట్టాన్ని కోసి పెరట్లోకి మళ్ళించి, పారతో చిన్న చిన్న బోదెలు తీసి, మమ్మల్ని పైన రిజర్వాయరుగా ఉంచుకున్నారు. సబ్బు మొక్కలకి పడదని సున్నిపిండి కూడా ఆయనే సరఫరా.

“బకెట్టుతో నేరుగా పోసేస్తే పోతుంది కదండీ?” అన్నానొకసారి.

“కాలువ గేట్లు దించేశాక, మనిషి ఒకసారైనా వాడకుండా నీళ్ళు మట్టిలో పోస్తారటండీ? నలుగురూ వింటే ఏమనుకుంటారు?”

నా స్నానం గురించి విని నలుగురూ ఏమనుకుంటున్నారో ఆయనకి తట్టలేదు.

మా బావమరిది గణేష్‌బాబు శుభలేఖ ఇచ్చిపోదామని సామర్లకోట నుంచి వచ్చాడు. త్రిమూర్తులుగారు గేటు దగ్గరే పట్టుకున్నారు.

“స్నానమైందా అండి?”

“పొద్దున్నే ఇంటి దగ్గర చేసి బయల్దేరానండి.”

“అయ్యయ్యో, అక్కడ చేసేశారా!” అని పంట మునిగిన కబురు విన్నట్టు నొచ్చుకుని, తువ్వాలు చేతిలో పెట్టారు. గణేష్‌బాబు భోజనం చేయకుండా వెళ్ళగలిగాడు గానీ, స్నానం చేయకుండా వెళ్ళలేకపోయాడు.

“ఇల్లు మారిపోదామండీ,” అంది మా ఆవిడ సత్యశ్రీ. “నిన్న నా తలస్నానాన్ని ‘మంచి పారుదల’ అని మెచ్చుకున్నారు.”

నాకు అంతుపట్టనిది ఒక్కటే. పెరడంతా తడిసినా ఆయన “శివారుకి అందలేదండీ!” అని అరుస్తూనే ఉంటారు. కాలువ చిట్టచివరి పొలాన్ని శివారంటారు. ఈ పెరట్లో శివారేమిటి? ఒక సాయంత్రం బోదె వెంట నడిచాను. బెండ, వంగ, దొండపాదు దాటి, అది ప్రహరీగోడలో ఇటుక లేని కన్నంలోంచి వెనకింటి మరిడమ్మ పెరట్లోకి దూరింది. గోడ మీంచి తొంగి చూశాను. మల్లెపొద. సగం ఆకులు పండుబారి రాలుతున్నాయి, మిగతా సగంలో సన్నటి మొగ్గలు.

త్రిమూర్తులుగారిని నిలదీస్తే అప్పుడు బయటపెట్టారు. చేపలమ్మే మరిడమ్మకి నెల కిందట మడమ విరిగింది. మనవరాలు పావనికి ఈ సెలవుల్లో తన పొద మల్లెలతోనే పూలజడ కుడతానని మాటిచ్చింది. నీళ్ళందకపోతే మొగ్గ మొగ్గగానే మాడిపోతుంది. పోనీ ఎవరైనా పోయబోతే, “నేనింకా మంచాన పడలేదండీ,” అని బిందెతో సహా తిప్పి పంపేస్తోంది.

“ఈ సంగతి నాకు ముందే చెప్పొచ్చు కదండీ!” అన్నాను.

త్రిమూర్తులుగారు గొంతు తగ్గించారు. “మీకు చెబితే మీరు ఆవిడకి చెబుతారు. నేను పోస్తానంటే ఆవిడ ఒప్పుకోదండీ. మీ స్నానమంటారా, పల్లానికి పోతుంది. దాన్ని ఆవిడేమంటుంది చెప్పండి?”

మర్నాటి నుంచి నేను సాయంత్రం కూడా స్నానం మొదలుపెట్టాను. సత్యశ్రీ ఇల్లు మారే మాటెత్తలేదు. వారానికోసారి పోసుకునే తలంటు రోజు విడిచి రోజయింది. ఇప్పుడు కేకలు పైనుంచి కిందకి. “శివారుకి అందిందాండీ?”

“అందుతోందండీ, కానివ్వండి!”

మే నెలాఖరున పావని జడ చూపించడానికి వచ్చింది. మెడ నుంచి నడుము దాకా మల్లెలే. వెనక్కి తిరిగి నిలబడి, మేమందరం బావుందనేదాకా ముందుకి తిరగలేదు. దాని వెనకాలే చేతికర్ర పోటేసుకుంటూ మరిడమ్మ.

“జడ కుదిరింది గానీ, ఏంటండీ త్రిమూర్తులుగారూ ఇది? మీ గోడ కన్నంలోంచి రోజూ మా పెరట్లోకి నీళ్ళే నీళ్ళు! మూయించరేంటండీ?”

త్రిమూర్తులుగారు తప్పు చేసినవాడిలా చేతులు కట్టుకున్నారు.

“మేస్త్రీ తొలకరి పడ్డాకే వస్తానన్నాడమ్మా.”